నోట ‘అండి’ రాని మనిషి

ఏ వాక్కు పెద్దల నోట ఆజ్ఞయై, పిన్నల నోట విన్నపమై, మూగజీవుల చెవిలో కేవలం ఒక ధ్వనియై నిలుస్తుందో, ఆ వాక్కుకు అధిదేవతయైన తల్లికి మ్రొక్కి, ఆటంకాలు తొలగించే స్వామిని తలచుకొని, విశ్వావసు నామ సంవత్సర మార్గశిర బహుళ ద్వాదశి నాడు ఈ నాలుగు మాటలు రాయ కూర్చున్నాను. కూర్చున్నాననడం కొంత అతిశయోక్తి. బల్ల కింది స్థలమంతా ఒకరు ఆక్రమించి పడుకొని ఉన్నందున, కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకొని రాస్తున్నాను.

ఈ ఉదయం ఒక సాహిత్య సంస్థ వారు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. మాఘమాసంలో నాకు సన్మానం చేయ సంకల్పించారట. గేటు దగ్గర నిలబడి, "లోపలికి రావచ్చునా అండీ?" అని కార్యదర్శి గారు అడిగారు. నలభై ఏళ్ళు ప్రాచ్య కళాశాలలో తెలుగు పాఠం చెప్పిన నోరు కదా, అలవాటు చొప్పున "రండి, రండి, కూర్చోండి" అన్నాను.

ముందుగా కదిలినవారు మా మహాశయులు. మహాశయులంటే గ్రేట్ డేన్ జాతి శునకం. ఎత్తు దూడంత, రంగు తడిసిన బూడిద, ముఖంలో ఎప్పుడూ ఏదో పద్యపాదం మరచిపోయిన దిగులు. వారు బల్ల కింద నుంచి లేచి, ఒళ్ళు విరుచుకొని, వరండా దాటి, అతిథుల ఎదుటికి వెళ్ళి, చెప్పిన మాట ప్రకారం మర్యాదగా కూర్చున్నారు. కూర్చున్నా వారి తల కార్యదర్శి గారి రొమ్ము దాకా వచ్చింది. కోశాధికారి గారు మల్లెపందిరి గుంజను కౌగిలించుకొన్నారు. "భయం లేదు, రండి" అన్నాను అతిథులతో. మహాశయులు లేచి మరొక అడుగు ముందుకు వేశారు.

"సన్మానపత్రం, శాలువా అన్నీ సభలోనే ఇస్తామండీ. ఇంటికి తేములెండి" అని కార్యదర్శి గారు గేటు అవతలికి తప్పుకొని, అక్కడి నుంచే చెప్పి సెలవు తీసుకొన్నారు.

శాలువా అన్న మాట చెవిన పడగానే ఆమె జ్ఞాపకం వచ్చారు. ఆమెను మట్టిలో ఉంచి నేటికి ఏడు రోజులు.

పేరు రాయను. "నా పేరు యాడా రాయబాక అయ్యోరా. నీ రాత ఎట్టాగూ ఎవురికీ అర్థం గాదు. దాంట్లో నన్ను బెట్టి నన్ను గూడా అర్థం గాకుండా జెయ్యబాక" అని ఆమె ఒకసారి స్పష్టంగా చెప్పి ఉన్నారు. ఆ ఆజ్ఞను మీరే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డులో ముప్ఫై ఏళ్ళు ఆయాగా పనిచేసి, ఆ తరువాత వెంకటాచలానికి తూర్పున, రొయ్యల గుంటల దారిలో, ఒక రేకుల షెడ్డు వేసుకొని, వదిలేసిన కుక్కలను సాకుతూ కాలం గడిపిన మనిషి ఆమె. చీర మీద మగవారి పొడుగు చేతుల చొక్కా తొడిగేవారు. చొక్కా జేబులో ఒకవైపు బిస్కెట్లు, మరొకవైపు జ్వరం చూసే థర్మామీటరు. ఆ థర్మామీటరును కుక్కలకు ఏ చోట వాడేవారో నేను అడగలేదు. ఒకనాడు నా నుదురు తాకి, "ఒళ్ళు ఎచ్చగుండాదే, జూస్తా ఉండు" అని జేబులో చెయ్యి పెట్టినప్పుడు మాత్రం నా జ్వరం తక్షణమే తగ్గింది.

ఆమె నోట ‘మీరు’ అన్న మాట లేదు. ‘అండి’ అసలే లేదు. డాక్టరు నువ్వే, కలెక్టరు నువ్వే, ఓట్లడగ వచ్చిన నాయకుడూ నువ్వే. నేను అయ్యవారిని కనుక ‘అయ్యోరా’ అనే పిలుపు దక్కింది కాని, క్రియ దగ్గరికి వచ్చేసరికి నాకూ ఏకవచనమే. నా సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. బడి ఈడు విద్యార్థిని కూడా నేను ‘మీరు’ అంటాను. కూరగాయల బండి లాగే ఎద్దును సైతం "కాస్త తప్పుకోండి" అన్నానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకు చెప్పి నవ్విస్తుంటుంది.

పరిచయమైన కొత్తలో నేను ఉండబట్టలేక అడిగాను: "ఎందుకమ్మా, పెద్దవారిని కూడా అలా ఏకవచనంతో పిలుస్తారు?"

"ప్రార్థనలో దేవుణ్ణి ఏమంటామబ్బా? పరలోకమందున్న తండ్రీ, నువ్వు అంటాం గదా. ఆయన్నే నువ్వన్నాక, పంచాయితీ ప్రెసిడెంటుని మీరంటే పైనున్నాయన నొచ్చుకోడా?"

నలభై ఏళ్ళ వ్యాకరణ బోధనలో నాకు ఇటువంటి పూర్వపక్షం ఎదురుకాలేదు.

కుక్కను పెంచుకొంటామని ఎవరైనా వస్తే, ఆమె మొదట వారి రెండు చేతులూ చాపించి గోళ్ళు చూసేవారు. తరువాత అరచేతులు వాసన చూసేవారు. పసిబిడ్డను తండ్రి చేతికి ఇచ్చేముందు ముప్ఫై ఏళ్ళు చేసిన పనే అది. ఇవ్వదలచినప్పుడు కుక్కను గుడ్డలో చుట్టి, వార్డులో కేకవేసినట్లే "మగబిడ్డ!" అనో "ఆడబిడ్డ!" అనో ప్రకటించి, "తల పట్టుకో, తల! మెడ యేలాడేసేవు" అని మందలించి మరీ అందించేవారు. చెంబంత కుక్కపిల్లకూ అదే మాట, వయసు మళ్ళిన వేటకుక్కకూ అదే మాట.

నేను ఆమె షెడ్డుకు కుక్క కోసం వెళ్ళలేదు. రెండేళ్ళ కిందటి కార్తికంలో మా ఆవిడ పంపగా శాలువాలు ఇచ్చి రావడానికి వెళ్ళాను. సాహిత్యసేవ చేసినవాడి ఇంట్లో ఏమి మిగిలినా మిగలకపోయినా శాలువాలు మిగులుతాయి. మా బీరువాలో రెండు అరలు అవే. ఎవరూ కప్పుకోరు, ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు. "ఏందండీ వీటిని ఇట్టా దాచి? చలి మొదలయింది. ఆ షెడ్డులో కుక్కలన్నా కప్పుకుంటాయి, ఇచ్చి రండి" అని మూటకట్టి చేతికిచ్చింది.

షెడ్డులో ఆమె మూట విప్పి, ఒక్కొక్కటే జరీ అంచు తడిమి చూశారు.

"ఇన్ని శాలువాలా! ఎన్ని పెండ్లిండ్లు జేసినావు అయ్యోరా?"

"పెళ్ళిళ్ళు కావమ్మా. నాకు సన్మానాలు జరిగాయి."

"దేనికి?"

నేను నోరు తెరిచాను. ఆమె కొంతసేపు మర్యాదగా ఎదురుచూసి, "సర్లే, గుర్తొచ్చినాక జెప్పు" అని పనిలో పడ్డారు. కొద్దిసేపట్లో, ఛందస్సుకు చేసిన సేవకు గాను నాకు నిండు సభలో కప్పిన పట్టు శాలువాను మూడు కాళ్ళ కుక్క ఒకటి కప్పుకొని తిరుగుతూ కనిపించింది. దానికి అది నాకంటే బాగా నప్పింది.

నీళ్ళ తొట్టి వెనుక మూలన, ఎవరి కంటా పడకూడదన్నట్లు ముడుచుకొని, ఒక మహాకాయం కనిపించింది.

"వాడు రాజా. గుంటల కాడ కాపలాకి తెచ్చి పెట్టుకున్నారు. మొరగడని యిసుక్కోని నా గేటుకి కట్టేసి పొయినారు. ముగ్గురు తీసకపొయి ముగ్గురూ తిరిగి తెచ్చేసినారు. పిలిస్తే రాడు. పిలిచే కొద్దీ యెనక్కి పోతాడు. మంచం కింద పట్టడు గదా, అయినా దూరతాడు. మంచం పైకి లేచిపోతాది, మనిషితో సహా."

ఆమె అప్పటికి ఉన్న చిక్కు చెప్పారు. షెడ్డు ఉన్న నేల బుచ్చిరెడ్డిపాలెం రైతు ఒకరిది. వారు దానిని గుంటలకు ఇచ్చేశారు. కార్తిక అమావాస్యకు ఖాళీ చేయాలి. "ఆయన్ననేదానికి లేదు, ఇన్నాళ్ళు ఇచ్చినాడు" అన్నారు. తక్కిన కుక్కలన్నింటికీ ఇళ్ళు కుదిరాయి. మిగిలినది ఇదొక్కటే. ఆమె పోయి ఉండవలసినది నెల్లూరులో చెల్లెలి ఇంట్లో, ఒకే గదిలో. "ఆడ నేను కాళ్ళు జాపితే తలుపు పడదు. వీణ్ణి యాడ బెట్టేది? మళ్ళా గుంటల కాడికే అడగతా ఉండారు. మళ్ళా గొలుసే" అన్నారు. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. గరిటెతో బువ్వ కలుపుతూ ఉన్నారు.

"జూడు, నీకే తెలస్తాది" అని తొట్టి వైపు తిరిగి, "రాజా! రా! రా నాయనా, రా!" అని పిలిచారు.

ఆ మహాకాయం వణికింది. వెనక్కి జరిగింది. జరగడానికి గోడ తప్ప చోటు లేకపోయినా జరిగింది.

నాకు చూడబుద్ధి కాలేదు. పెద్దవారిని ఎవరినో అవమానిస్తున్నట్లు తోచింది. ఒంగి, చెయ్యి చాచి, "మహాశయా, వారి మాటకేమి గాని, ఇలా రండి" అన్నాను.

అది తల ఎత్తింది. లేచింది. లేచిన కొద్దీ ఇంకా లేస్తూనే ఉన్నట్లు అనిపించింది. అడుగులో అడుగు వేసుకొంటూ వచ్చి, నా పంచె కుచ్చెళ్ళలో తల దూర్చి నిలబడింది.

గరిటె కింద పడిన చప్పుడు వినిపించింది.

"ఇంకోపారి అను" అన్నారామె.

రెండడుగులు వెనక్కి వేసి, "రండి" అన్నాను. వచ్చింది.

నాలోని పండితుడు మేలుకొన్నాడు. "చూశారా అమ్మా! ‘రా’ అన్నది దీర్ఘం. ‘రండి’ అన్నప్పుడు దీర్ఘం పోయి, హ్రస్వం మీద బిందువు చేరి..."

"దీర్ఘం సంగతి నాకు తెలవదు అయ్యోరా. అది దెబ్బ సంగతి." ఆమె బక్కెట్టు బోర్లించుకొని దాని మీద కూలబడ్డారు. "రా అని పిలిచి కొట్టినారు దాన్ని. పేరు గూడా రాజా అని పెట్టినారు. పేరులోనే దెబ్బుండాది. నేను ఏడు నెల్లు బువ్వ పెట్టినా. ఒక్క దినమన్నా నా కాడికి రాలేదే అని యేడిస్తిని. ఏడు నెల్లూ రోజూ దాన్ని కొట్టినట్టే గదబ్బా, రా రా అని."

నేను ఆలోచించకుండా అనేశాను: "మా ఇంటికి తీసుకొని వెళ్తాను."

ఆమె ముఖం తుడుచుకొని వెంటనే లేచి, "చేతులు జూపించు" అన్నారు. గోళ్ళు చూశారు. వాసన చూశారు. "ముక్కుపొడుం ఏస్తావే! సరే. ఈ కాయితం రాయి."

దరఖాస్తు కాగితం మీద ‘ఏమి కావాలి’ అన్నచోట నేను నా ధోరణిలో ‘గ్రామసింహమును దత్తత స్వీకరింపగోరుచున్నాను’ అని రాసి ఇచ్చాను. ఆమె కూడబలుక్కొని చదివి, ఒక్క అడుగు వెనక్కి వేశారు.

"సింహమా! సింహం యాడిది ఈడ?"

"కుక్కనే అలా అంటారమ్మా."

"ఎవురంటారు?"

ఆమె కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకొని, "మాట బానే వుండాది. ఇల్లు జూడాల. రాకెట్టు పొయ్యే దినం వస్తా" అన్నారు.

ఆమె ఇళ్ళు పరీక్షించే పద్ధతి అది. మా ఊరు శ్రీహరికోటకు ఉత్తరంగా, సరుగుడు తోపులు దాటాక ఉంటుంది. రాకెట్టు లేచినప్పుడు కిటికీలు అదురుతాయి, గూట్లో గిన్నెలు మాట్లాడుకొంటాయి. "ఇల్లు అదిరినప్పుడు ఎవురు ఎవుర్ని పట్టుకుంటారో జూస్తే ఆ ఇంటి సంగతి తెలిసిపోతాది. మంచిగున్నప్పుడు జూస్తే ఏం తెలస్తాది, కాఫీ ఇస్తారు" అనేవారు.

ఇంటికి వచ్చి సంగతి చెప్పాను. మా ఆవిడకు కుక్కలంటే వీధి చివర కనిపించినా భయం. "ఒక మూట ఇచ్చి రమ్మంటే ఇంకో మూట తెస్తానంటారేందండీ!" అన్నది. గుంటల కాడ గొలుసు సంగతి కూడా చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరడం ముగించి, "తెచ్చుకుంటే తెచ్చుకోండి. నా వంటింటి గడప తొక్కితే మాత్రం మీరూ ఉండరు, అదీ ఉండదు" అని షరతు పెట్టింది.

అంతా కుదిరింది. రాకెట్టు కుదరలేదు. మొదటి తేదీకి ఆకాశం మబ్బు పట్టి వాయిదా పడింది. రెండవ తేదీ వచ్చింది, అదీ వెళ్ళిపోయింది. అమావాస్య ఇక వారం రోజులు. ఆమెకు ఫోను చేసి, "పరీక్ష మానుకోరాదా అమ్మా? గడువు దగ్గర పడుతున్నది" అని బతిమాలాను.

"మూడు తూర్లు తిరిగొచ్చింది అయ్యోరా. నాలుగో తూరి తిరిగొస్తే అది బతకదు. గొలుసుకన్నా అది చెడ్డ. రాకెట్టు పోనీ."

జన్మంతా పంచాంగం చూసి గడప దాటినవాడిని. ఆ వారం పంచాంగం మూసి, దినపత్రికలో రాకెట్టు ముహూర్తం వెతుక్కొన్నాను. మా ఆవిడ ప్రతి సాయంకాలం తులసి దగ్గర దీపం పెట్టి ఏదో గొణుగుతూ ఉండేది. రాకెట్టు వెళ్ళాలనో, వెళ్ళకూడదనో నేను అడగలేదు.

కార్తిక బహుళ చతుర్దశి నాడు, అమావాస్య ఇక మరునాడనగా, మబ్బు విడిచింది. ఆమె పొద్దున్నే ట్రాలీ ఆటోలో కుక్కతో దిగారు. ఇల్లంతా తిరిగారు. కాఫీ ముట్టుకోలేదు. వరండాలో పీట వేసుకొని, చేతులు కట్టుకొని, కాన్పు కోసం కాచుకొన్నట్లు కూర్చున్నారు. కుక్క గుమ్మం పక్కన గోడకు అతుక్కొని పడుకొన్నది. నేను ఉత్తరీయం సవరించుకొని, ధీరుడివలె దాని పక్కన నిలబడ్డాను. శబ్దం రాగానే కుక్క మెడ మీద చెయ్యి వేసి "భయపడకండి" అనాలని ముందురోజే నిశ్చయించుకొని ఉన్నాను.

మధ్యాహ్నం సరుగుడు తోపు మీదుగా తెల్లని దారం వంటిది ఆకాశంలోకి పాకింది. కొంతసేపు ఏమీ లేదు. ఆ తరువాత శబ్దం వచ్చింది.

అప్పుడు జరిగినది వరుసగా చెప్పడం కష్టం. కిటికీలు అదిరాయి. గూట్లో ఇత్తడి చెంబు దొర్లిపడింది. నేను కళ్ళు మూసుకొని చేతికి దొరికినది పట్టుకొన్నాను. వంటింట్లో నుంచి మా ఆవిడ, ఇల్లు అదిరినప్పుడల్లా నలభై ఏళ్ళుగా పెట్టే కేకే పెట్టింది: "ఏమండీ! రండి! ఇట్టా రండీ!"

ఆ పిలుపు నాకు. నేను కదలలేకపోయాను.

శబ్దం అణిగాక కళ్ళు తెరిచి చూస్తే, నా రెండు చేతుల్లో ఉన్నది ఆమె చొక్కా చెయ్యి. గుమ్మం పక్కన కుక్క లేదు. వంటింట్లో, గడపకు లోపల, పొయ్యి పక్కన, మా ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకొని, ఆ కుక్క మెడను రెండు చేతులా కావలించుకొని, "ఉన్నారు గదా, ఉన్నారు గదా, ఏం కాదు" అంటున్నది. అది ఆమె భుజం మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నది. మా ఆవిడ కాసేపటికి కళ్ళు తెరిచింది. పట్టుకొన్నది నేను కానని తెలిసింది. అరుస్తుందనుకొన్నాను. కుక్క వణుకుతున్నదని కూడా అప్పుడే తెలిసినట్లున్నది, చేతులు తీయలేదు.

వచ్చినావిడ తన చొక్కా చెయ్యి నా పట్టు నుంచి విడిపించుకొన్నారు.

"నువ్వు పనికిరావు అయ్యోరా. ఆయమ్మకి ఇస్తుండా."

జేబులోని దరఖాస్తు తీసి, నా పేరు కొట్టివేసి, మా ఆవిడ పేరు రాశారు. సింహం మాత్రం అట్లాగే ఉండిపోయింది. తరువాత తాను తెచ్చిన సంచిలో నుంచి ఒక శాలువా తీశారు. నాకు తెలిసిన శాలువాయే, తెలుగు పద్యానికి పట్టం కట్టినందుకు ఇచ్చినది. దానిని కుక్క వీపు మీద నిండుగా కప్పి, కాన్పుల వార్డు గుమ్మంలో నిలబడినట్లు నిలబడి, "మగబిడ్డ!" అని ఊరంతా వినిపించేటట్లు ప్రకటించారు. "తల పట్టుకో మే, తల!"

మా ఆవిడ ఆ తలను రెండు చేతులతో పట్టుకొన్నది. అంత తల పట్టడానికి ఆ చేతులు చాలలేదు.

ఆ విధంగా మహాశయులు మా ఇంటివారయ్యారు. రాజా అనే పేరు ఆనాడే పోయింది. నేను పెట్టుకొన్న మహాశయులు అనే పేరు పాలతని నోట పడి వారం తిరగకుండా మాసయ్య అయింది. ఆ సంగతి విని ఆమె ఎంతో సంతోషించారు. "మాసయ్య! వాకాట్లో మా చిన్నమామ పేరు అదే గదా. ఆయన గూడా పిలిస్తే వచ్చేవాడు గాదు."

మహాశయులకు మా ఇంటి భాష తొందరగానే పట్టుబడింది. మా ఆవిడ "భోజనానికి రండి" అంటే మేమిద్దరం లేస్తాం. వారు ముందు చేరుకొంటారు. ఎవరైనా "కూర్చోండి" అంటే కూర్చుంటారు. అనకపోతే కూర్చోరు. ఒక పూట మా ఆవిడ పెరట్లో పనిలో పడి ఆ మాట మరచిపోగా, వారు కూడా పక్కనే పూటంతా నిలబడ్డారు. "అయ్యో, కూర్చోండి నాయనా" అని మా ఆవిడ చెంపలు వేసుకొన్నది.

షెడ్డు పోయాక ఆమె చెల్లెలి ఇంటికి చేరారు. ఆదివారం చర్చి అయిపోగానే బస్సెక్కి మా ఇంటికి వచ్చేవారు. వచ్చి గేటు దగ్గర ఆగేవారు. ఆమెకు ఒక్కటే కోరిక. ఏడు నెలలు అన్నం పెట్టిన జీవి, ఒక్కసారి, తాను పిలిస్తే తన దగ్గరికి రావాలి.

ఆ పిలుపు ఏమిటో ఆమెకు తెలుసు. నోరు తిరగదు. ఎందరికో అక్షరాలు దిద్దించినవాడిని, గేటుకు ఇవతల నిలబడి పాఠం చెప్పేవాడిని.

"‘రం’ అనండి."

"రం."

"‘డి’ అనండి."

"డి."

"కలిపి అనండి."

"రం... ఛీ, సిగ్గేస్తాంది అయ్యోరా. దేవుడికే పెట్టని అండి కుక్కకి పెడితే, పైకి పొయినాక ఏం మొగం పెట్టుకోని నిలబడాల?"

కొన్ని నెలల సాధన తరువాత ఆమె "రండిరా!" అనగలిగారు. మహాశయులు ‘రండి’కి ఒక అడుగు ముందుకు వేసి, ‘రా’కు ఒక అడుగు వెనక్కి వేసేవారు. "రండిరా, రండిరా" అని ఆమె ప్రాధేయపడితే, వారు ఉన్నచోటనే ఊయలలాగా ఊగేవారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పారిపోయేది. చివరకు ఆమె ఓడిపోయి, "నువ్వు పిలువు మే" అనేవారు. మా ఆవిడ పిలిస్తే వారు వచ్చి, ఆమె ఒడిలో తల పెట్టేవారు. ఆమె చెవులు నిమురుతూ, "వచ్చినావులే, ఆయమ్మ పిలిస్తే వచ్చినావు. నాకు తెలీదనుకుంటివా" అని సాధించేవారు. రెండేళ్ళు ప్రతి ఆదివారం ఇదే వరుస.

ఈ కార్తికంలో ఆదివారాలు రెండు ఆమె రాకుండా గడిచాయి. మూడవ ఆదివారం చెల్లెలు ఫోను చేసి, గుండె బలహీనపడిందనీ, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశామనీ చెప్పింది. మా ఆవిడ మహాశయులకు శాలువా కప్పి, "తీసుకెళ్ళండి, చూసుకుంటుంది" అన్నది. ఆటోలో వారు సీటు మీద కూర్చోగా నేను కింద కూర్చొని వెళ్ళాను.

ఆ ఇల్లు ఆమె చెప్పినట్లే ఉన్నది. ఒకే గది. ఆమె మంచం మీద కాళ్ళు జాపి పడుకొని ఉన్నందున తలుపు పడక, తెరిచే ఉంచారు. చొక్కా లేదు. ఉత్త చీరలో ఆమె చాలా చిన్నమనిషిగా కనిపించారు. మేమిద్దరం గడప బయట నిలబడ్డాం. ఆమె కళ్ళు తెరిచి మమ్మల్ని చూశారు. నేను పలకరించబోతుండగా ఆమె పెదవులు కదిలాయి.

"రండి" అన్నారు.

దాని వెంట ‘రా’ లేదు. ‘అయ్యోరా’ లేదు. ఒక్క ‘రండి’.

మహాశయులు లోపలికి వెళ్ళారు. మంచం పక్కన నిలబడి ఆమె అరచేతిలో గడ్డం పెట్టారు. నేనూ వెళ్ళాను. ఆమె వేళ్ళు ఆ తలను ఆసాంతం పట్టుకోవాలని చూశాయి. "తల..." అన్నట్లు వినిపించింది. నేను వంగి, కింద నుంచి నా చేతులు కూడా ఆనించాను.

ఆ పిలుపు ఎవరికో నాకు తెలియదు. మహాశయులను గౌరవించి పిలిచారా, లేక పోయేముందు ఒక్కసారి నన్ను మన్నించారా? ఒకరిని గౌరవించి పిలిచినా ‘రండి’ అనే అంటాం, ఇద్దరిని కలిపి పిలిచినా ‘రండి’ అనే అంటాం. గుమ్మంలో ఉన్నది ఇద్దరం. అది ఉత్త బహువచనమే అయితే, ఆమె తన నియమం తప్పినట్లు కాదు, పైన ఆమెకు చిక్కేమీ ఉండదు. పిలుపు అందింది, మహాశయులు పిలిచినవారి దగ్గరికి వెళ్ళారు. నలభై ఏళ్ళు వ్యాకరణం చెప్పినవాడిని, ఇంతకు మించి తేల్చలేను.

మార్గశిర బహుళ పంచమి నాడు, ముసురులో, నెల్లూరు సమాధుల తోటలో ఆమెను సమాధి చేశారు. మా దంపతులతో మహాశయులు కూడా శాలువా కప్పుకొని వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన ముగిసేదాకా దేవుణ్ణి ‘నువ్వు’ అనే పిలిచారు. ఎవరూ ‘కూర్చోండి’ అనలేదు. మహాశయులు చివరి పిడికెడు మట్టి పడేదాకా నిలబడే ఉన్నారు.